కోడలి గుండె నూట డెబ్బై నాలుగు

ఆ ఆదివారం ఉదయం అమెరికాలో, బెంటన్‌విల్‌లోని ఆ ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మృదుల పందెంలో దిగాలి. మిగతావాళ్లు ఒడ్డున కూర్చుని చప్పట్లు కొట్టాలి. పదకొండింటికల్లా అందరూ ఇంటికొచ్చి పెసరట్లు తినాలి. పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి కూడా ఉంది. ఇంత సులువైన పనిని చెడగొట్టాలంటే ఇంట్లో ఒక పెద్ద డాక్టరు ఉండాలి. ఉన్నాడు.

ఆయన పేరు వాసుదేవరావు. మృదులకి మామగారు. ముప్పై ఎనిమిదేళ్లు లిటిల్‌రాక్‌లో గుండె డాక్టరుగా చేసి, రిటైరై, భార్య నళినితో కలిసి కొడుకు ప్రణవ్ ఇంటికి వచ్చేశాడు. రిటైరయింది ఆస్పత్రి నుంచి మాత్రమే. ఊళ్లో తెలుగువాళ్ల ఏ పుట్టినరోజుకి వెళ్లినా, సమోసా ప్లేటు పట్టుకున్న వాడి రెండో చెయ్యి ఈయన చేతిలో ఉండేది. నాడి చూసి, నాలుక చూపించమని, చివరికి ఆ సమోసా తినొద్దనేవాడు. ఊరందరి నాడులూ చూసిన మనిషి చూడని నాడి ఒక్కటే, తనది. మూడేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం. ఒకసారి చూపించుకోమని నళిని పోరితే, వేసవిలో "ఇక్కడ గాలిలో తడి ఎక్కువ" అనేవాడు. చలికాలంలో "గాలి మరీ పొడి" అనేవాడు. గాలికి నోరుంటే ఎప్పుడో తిరగబడేది.

పందెం పేరు ట్రయథ్లాన్. ముందు సరస్సులో ఐదువందల మీటర్ల ఈత, పైకొచ్చి పన్నెండు మైళ్ల సైకిలు, దిగి మూడు మైళ్ల పరుగు. మధ్యలో ఆగి టీ తాగడాలు ఉండవు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చునే మృదులకి ఈ పిచ్చి ఎందుకు పట్టిందని చాలామంది అడిగారు. మగవాళ్లకి గోల్ఫ్ పిచ్చి ఎందుకు పట్టిందని ఎవరూ అడగరు. పోయినేడు ఆమె వంద మీటర్లు కూడా ఈదకుండానే భయపడి లైఫ్‌గార్డు పడవ పట్టుకుని బయటికొచ్చేసింది. మర్నాటి నుంచే ఏడాదంతా, తెల్లవారకముందే లేచి ఊళ్లో ఈత కొలనుకి వెళ్లింది. ఈసారి పడవ పట్టుకోకుండా చివరి గీత దాటాలి. ఆమెకి కావలసింది అంతే.

మామగారు మాత్రం ఒక షరతు పెట్టాడు.

"చూడమ్మాయ్, ఛాతీకి హార్ట్ రేట్ పట్టీ కట్టుకోవాలి. నేను ఒడ్డున ట్యాబ్‌లో చూస్తూ ఉంటాను. నూట అరవై ఐదు దాటిందా, పందెం ఆపేసి బయటికి రావాలి. ఇక జన్మలో దీని మాట ఎత్తకూడదు."

"దాటకపోతే?"

"దాటకపోతే వచ్చే ఏడు నేనే ఫీజు కడతాను."

"అత్తయ్యా, మీరు సాక్షి," అంది మృదుల.

"నలభై ఆరేళ్లుగా అదే ఉద్యోగం కదమ్మా," అంది నళిని.

ఐదుంబావుకి వంటగదిలో ప్రణవ్ ఆ పట్టీల పెట్టె విప్పాడు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని రెండు పట్టీలున్న పెట్టె తెచ్చాడు. రెండూ ఒకే నలుపు, ఒకే కొలత. పట్టీ మధ్యలో బొత్తామంత యంత్రం. వాసుదేవరావు ఒకటి లాక్కుని చొక్కా గుండీలు విప్పాడు.

"ముందు నాకు కట్టండి. నేను చూడని మిషన్ నా పేషెంటుకి పెట్టను."

"డాడ్, ఇట్స్ జస్ట్ ఎ స్ట్రాప్," అన్నాడు ప్రణవ్. అమెరికాలో పుట్టి పెరిగిన వాడి తెలుగు ఇంట్లో బతుకుతుంది గానీ తండ్రి ముందు వణుకుతుంది. అయినా పట్టీ కట్టాడు. ట్యాబ్ మీద నొక్కాడు. డెబ్బై ఎనిమిది అని పెద్ద అంకె వచ్చింది. "ఓకే, కనెక్ట్ అయింది. మృదుల వాచ్‌లో సిమ్ ఉంది కదా, రేస్‌లో అదే ట్యాబ్‌కి పంపిస్తుంది."

అంతలో నళిని కాఫీ అంది. వాసుదేవరావు కాఫీకి వెళ్లాడు. మృదుల వచ్చి, పెట్టెలో కనపడిన పట్టీ తీసి కట్టుకుని, తన వాచీకి కలుపుకుని, సైకిలు కారుకి ఎక్కించింది. అందరూ బయల్దేరారు.

ఏడింటికి సరస్సు ఒడ్డున రెండువందల మంది, రబ్బరు టోపీలు పెట్టుకుని నీళ్లలో నిలబడ్డారు. మృదులది నారింజ రంగు టోపీ, చేతిమీద రెండువందల పద్నాలుగు అనే నంబరు. వాసుదేవరావు మడత కుర్చీలో కూర్చుని ట్యాబ్ ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన నళిని. వెనక ప్రణవ్. ఇంకో పక్క కౌశిక్, వాళ్ల వీధిలోనే ఉండే, కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసే కుర్రాడు. ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. దగ్గు వచ్చినా గ్రూపులో పెట్టి దగ్గే రకం.

"ఎనభై నాలుగు. పర్లేదు, కాస్త టెన్షన్ ఉంది పిల్లకి," అన్నాడు వాసుదేవరావు.

బూర మోగింది. ఆయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. అంకె నూట పది అయింది.

"చూశారా! బూరకే నూట పది! ఇంకా చెయ్యి కూడా తిప్పలేదు!"

నారింజ టోపీ మిగతా టోపీల్లో కలిసిపోయింది. ఆయనకి టోపీ కనపడలేదు, అంకె ఒక్కటే కనపడింది. నూట పద్దెనిమిది. మెడ చాచాడు. నూట ఇరవై ఆరు. లేచి నిలబడ్డాడు. నూట ముప్పై నాలుగు.

"డాడ్, వాటర్‌లోంచి సిగ్నల్ ఎలా వస్తది? ఐ మీన్, నీళ్ల కింద బ్లూటూత్..."

"నువ్వు ఎన్ని గుండెలు చూశావురా?"

"ఒక్కటీ చూడలేదు."

"అయితే కూర్చో."

ప్రణవ్ కూర్చున్నాడు. రోజూ వేల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చూసే ఇంజినీరు, తనకి బాగా తెలిసిన ఒకే ఒక్క సంగతి నోట్లోకి వచ్చాక మింగేసి కూర్చున్నాడు. పెద్దాయన చెప్పాడంటే చదువుకున్నవాళ్లు కూడా నోరు మూసుకోవడం మనవాళ్లకి అనాదిగా ఉన్న రోగం. దానికి ఏ దేశంలోనూ ఇన్సూరెన్స్ లేదు.

వాసుదేవరావు నీళ్ల అంచుదాకా దిగాడు. "అమ్మాయ్! మెల్లిగా!" అని అరిచాడు. సరస్సులో రెండువందల మంది చేతులూ కాళ్లూ ఆడిస్తున్న చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. అరుపుకి నూట నలభై తొమ్మిది. మళ్లీ అరిచాడు. నూట యాభై ఎనిమిది.

కౌశిక్ ట్యాబ్‌కి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు: "మృదుల గారి హార్ట్ రేట్ 158. అంకుల్ వర్రీడ్. ప్రార్థించండి." రెండు నిమిషాల్లో నలభై మంది చేతులు జోడించారు. ఐదో నిమిషంలో ఎవరో "హార్ట్ ప్రాబ్లం అట" అన్నారు. ఎనిమిదో నిమిషానికి అది హార్ట్ ఎటాక్ అయింది. పదో నిమిషంలో వర్జీనియా నుంచి మృదుల అక్క అవని ఏడుస్తూ ప్రణవ్‌కి ఫోన్ చేసింది.

"అది నీళ్లలో మునిగిపోయిందట కదా!"

"లేదు అవనీ, షీ ఈజ్ స్విమ్మింగ్."

"మునుగుతూ ఈదుతోందా?"

ఇంతలో అంకె నూట అరవై ఎనిమిది చూపించింది. హద్దు దాటింది. వాసుదేవరావు ఇసుకలో పరుగు తీసి, పందెం నడిపేవాళ్ల దగ్గరికెళ్లి, తను కార్డియాలజిస్టునని చెప్పి, రెండువందల పద్నాలుగుని వెంటనే ఆపమన్నాడు. అమెరికాలో ఆ మాట చెప్పిన ముసలాయనని తీసిపారేసే ధైర్యం ఎవరికుంటుంది? లైఫ్‌గార్డు పడవ వెళ్లింది.

మృదుల అప్పటికి నాలుగువందల మీటర్లు దాటింది. జీవితంలో మొదటిసారి నీళ్లు ఆమెని మోస్తున్నట్టు ఉంది. పక్కన పడవ వచ్చి ఆగింది. పోయినేడు పట్టుకున్న పడవే, అదే పసుపు రంగు.

"బాగానే ఉన్నావా? పడవ పట్టుకుంటావా?"

"పట్టుకోను!" అని, నోట్లోకి వచ్చిన నీళ్లు ఉమ్మి, ఇంకా గట్టిగా ఈదింది.

లైఫ్‌గార్డు వచ్చి అదే చెప్పాడు. వాసుదేవరావు తల పట్టుకున్నాడు. "మెదడుకి రక్తం తగ్గినవాళ్లు అందరూ బాగున్నామనే అంటారు!"

మృదుల నీళ్లలోంచి నడిచి పైకొచ్చింది. సైకిళ్లు పెట్టిన ఆవరణలోకి పరిగెత్తింది. ఆయన ఆవరణ కంచె పక్కనే పరిగెత్తాడు, ట్యాబ్ గుండెకి హత్తుకుని. చేతికి పందెంవాళ్లిచ్చిన రిస్ట్‌బ్యాండ్ లేనివాళ్లకి లోపలికి ప్రవేశం లేదని వలంటీరు అడ్డం నిలబడింది. "నా కోడలు!" అంటే "సో స్వీట్!" అంది. మృదుల బూట్లు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, మామగారు చెయ్యి ఊపుతుంటే ఉత్సాహపరుస్తున్నాడనుకుని తనూ చెయ్యి ఊపి, సైకిలెక్కి వెళ్లిపోయింది.

కంచె పట్టుకుని ఆయన ట్యాబ్ చూశాడు. నూట డెబ్బై ఒకటి. తరవాత తొంభై ఎనిమిది. తరవాత నూట అరవై. నూట పన్నెండు. నూట డెబ్బై నాలుగు. వాసుదేవరావు మొహం మారిపోయింది. అరుపులు ఆగిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం అప్పుడు పనిచేసింది, మొదటిసారి నిజంగా పనిచేసింది.

"ఇది అలసట కాదు. లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండెలో రక్తం గడ్డ కట్టిందంటే మెదడుకి వెళ్తుంది. పక్షవాతం. అంబులెన్స్ పిలవండి."

మెడికల్ టెంట్‌లోంచి కెల్లీ అనే నర్సు వచ్చింది. ట్యాబ్ చూసింది. "డాక్టర్, మీరు చెప్పింది కరెక్టే అనిపిస్తోంది," అంది. అంబులెన్స్ సిద్ధమైంది. మృదుల వెనక ఒక మోటారుసైకిలు పంపారు. ప్రణవ్ కారు తీసి దారికి అడ్డంగా వెళ్లబోతే, పందెం కోసం మూసిన రోడ్డు మీద పోలీసాయన ఆపి, నారింజ రంగు ట్రాఫిక్ కోన్ పక్కన నిలబెట్టాడు. అక్కడినుంచి ప్రణవ్‌కి భార్య ఒకసారి కనపడింది, గాలిలా దూసుకుపోతూ.

"ఇంకా ముందుకెళ్లి పందెం డైరెక్టర్ టేబుల్ దగ్గర ఇది చూపించు. పందెం మొత్తం ఆపమను," అన్నాడు వాసుదేవరావు భార్యతో. ఆయనకి మాట మధ్యలో ఊపిరి తెగుతోంది. "నేను నడవలేను. కాస్త ఆయాసంగా ఉంది. గాలిలో తడి."

నళిని ట్యాబ్ తీసుకుని వెళ్లింది. నలభై అడుగులు వెయ్యలేదు, అంకె పోయి రెండు గీతలు వచ్చాయి.

"ఏమండీ! ఇందులో గీతలొచ్చాయి!"

"ఆగిపోయింది!" వాసుదేవరావు కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది. పిల్ల గుండె ఆగిపోయింది. నేనే పంపించాను."

కౌశిక్ గ్రూపులో రాసేశాడు. నళిని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. భర్త దగ్గరికి వచ్చేసరికి అంకె మళ్లీ వెలిగింది. నూట డెబ్బై నాలుగు.

"వచ్చింది! కొట్టుకుంటోంది! వెళ్లు, త్వరగా వెళ్లు!"

నళిని వెళ్లింది. గీతలు. వెనక్కి వచ్చింది. నూట అరవై తొమ్మిది.

మూడోసారి ఆమె వెళ్లలేదు. లిటిల్‌రాక్‌లో ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసిన మనిషి. ఒక పుస్తకం అరలో లేకపోతే, అది పక్క అరలో ఉంటుందని తెలిసిన మనిషి. మెల్లిగా వెనక్కి నడిచింది. గీతలు. ముందుకి నడిచింది. అంకె. ఇంకోసారి వెనక్కి, ఇంకోసారి ముందుకి. అప్పుడే నర్సు రేడియోలో మోటారుసైకిలు వాడి గొంతు వచ్చింది: రెండువందల పద్నాలుగు సైకిలు దిగింది, పరుగు మొదలుపెట్టింది, నవ్వుతోంది, ఇంకోసారి ఎలా ఉన్నావని అడిగితే ఫిర్యాదు చేస్తానంటోంది.

నళిని భర్త ముందు నిలబడింది.

"ఏమండీ, మీ కోడలు మీ దగ్గరుంటేనే బతుకుతోంది. దూరం తీసుకెళ్తే పోతోంది."

"ఏంటి నీ మాటలు, ఈ టైములో?"

నళిని వంగి, ముప్పై మంది చూస్తుండగా, ఆయన చొక్కా పై గుండీ విప్పింది. రెండోది విప్పింది. మూడోది విప్పేసరికి నల్లటి పట్టీ కనపడింది, మధ్యలో బొత్తామంత యంత్రం. నడుం నొప్పికి పదేళ్లుగా ఎలాస్టిక్ బెల్టు బిగించుకు తిరిగే మనిషికి, పైన ఇంకో పట్టీ ఉందో లేదో ఏం తెలుస్తుంది? పొద్దున్న కాఫీకి వెళ్లినవాడు అలాగే వచ్చేశాడు. ట్యాబ్ కూడా పొద్దున్న కలిపిన ఆ పట్టీనే పట్టుకుని ఉంది.

సరస్సులో బాతులు మాత్రమే మాట్లాడుకున్నాయి.

"అయితే మృదులకి ఏం కాలేదా?" అన్నాడు కౌశిక్.

"ఏం కాలేదు," అన్నాడు వాసుదేవరావు. పెద్ద బరువు దిగినట్టు నవ్వాడు. "హమ్మయ్య! పిల్ల బాగుంది! పదండి, పదండి, పెసరట్లకి..."

లేవబోయాడు. కెల్లీ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"డాక్టర్, ఇందాక ఈ రిథమ్‌ని ఏమన్నారు?"

వాసుదేవరావు చుట్టూ చూశాడు. ముప్పై మంది సాక్షులు. పైగా ఆయన చెప్పింది తప్పు అని చెప్పగలిగిన గుండె డాక్టరు అక్కడ ఇంకొకరు లేరు.

"అంబులెన్స్ కూడా మీరే పిలిచారు. అదిగో," అంది కెల్లీ.

"నాకేం లేదు. గాలిలో..."

"గాలి మాట ఎత్తితే ఊరుకోను," అంది నళిని. "మూడేళ్లనుంచి అడుగుతున్నాను. ఎక్కండి."

ఆయన ఎక్కాడు.

చివరి గీత దగ్గర మృదులకి చప్పట్లు కొట్టడానికి ఇంటివాళ్లు ఎవరూ లేరు. గంటా నలభై మూడు నిమిషాలకి చేతులు పైకెత్తి గీత దాటితే, ఎదురుగా కౌశిక్ ఒక్కడే నిలబడి, ఆమెని చూసి భోరున ఏడ్చాడు.

"అక్కా, నువ్వు నిజంగానే బతికే ఉన్నావు!"

"ఇంకాస్త మెల్లిగా పరిగెత్తినా బతికే ఉండేదాన్ని రా. మావాళ్లేరి?"

తడి బట్టలతోనే, మెడలో మెడల్‌తోనే మృదుల ఆస్పత్రికి వెళ్లింది. అప్పటికే కోన్ పక్కనుంచి విడుదలై ప్రణవ్ వచ్చేశాడు. వాసుదేవరావు మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతికి సూది, ఛాతీ నిండా తీగలు, పైన తెరమీద ఆయన సొంత గుండె, ఆయన కళ్లముందే. మందు ఎక్కించారు, ఎనభై ఆరుకి దిగింది. కొడుకుకన్నా చిన్నదైన డాక్టరమ్మ వచ్చి, గడ్డలేమీ కట్టలేదనీ, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటే భయం లేదనీ, ఇంకో ఏడాది ఇలాగే వదిలేసి ఉంటే మాత్రం వేరే సంగతనీ చెప్పింది.

"చాలా అదృష్టం. ఎవరు కనిపెట్టారు దీన్ని?"

"ఈయనే," అంది నళిని. "కోడలిదనుకుని."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాగితాలు చూసుకుంటూ వెళ్లిపోయింది. వాసుదేవరావు కోడలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నీది ఎంత వచ్చింది?"

మృదుల వాచీ చూపించింది. "సగటు నూట నలభై ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ నూట యాభై తొమ్మిది. అదీ ఆ మోటారుసైకిలు వాడు మూడోసారి అడిగినప్పుడు."

"నాది నూట డెబ్బై నాలుగు."

"తెలుసు మామయ్య గారూ. నూట అరవై ఐదు దాటినవాళ్లు పందెం ఆపేసి బయటికి రావాలి. వచ్చే ఏడు ఫీజు మీరే కట్టాలి. అత్తయ్య సాక్షి."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఎక్కడో అనుమానం ఉండేదమ్మా. నేను చూసుకుంటే నిజమైపోతుందని భయం. నీదైతే ధైర్యంగా చూశాను." ప్రణవ్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. నాడి చూడటానికి కాదు.

"డాడ్, నెక్స్ట్ టైం నేను వాటర్‌లో సిగ్నల్ రాదు అంటే వింటావా?"

"వింటాను. నువ్వు కూడా నేను కూర్చోమంటే కూర్చోకు."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో గిన్నెలున్నాయి. గ్రూపులో హార్ట్ ఎటాక్ అని తెలియగానే ఎవరో వంతులవారీగా వంట పంపడానికి పట్టిక వేసేశారు. రెండు వారాలు నిండిపోయాయి. కౌశిక్ "తప్పు వార్త, ఆమెకి కాదు, అంకుల్‌కి" అని రాసినా పట్టిక ఆగలేదు. పేషెంటు మారాడు గానీ సాంబారు మారలేదు. పదిహేను రోజులు ఉప్పు తక్కువ కూరలు తిని, ప్రతి గిన్నె తెచ్చినవాళ్లకీ వాసుదేవరావు తన గుండె గురించి స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. వచ్చినవాళ్లు కాస్త కూర్చుని, ఎందుకైనా మంచిదని ఆయన నాడి చూసి వెళ్లేవారు.

పట్టీ ఆయన ఒంటిమీదే ఉంది. డాక్టరమ్మ అక్కర్లేదంది. నళిని కావాలంది. ఇప్పుడు ట్యాబ్ వంటగదిలో, పోపులపెట్టె పక్కన ఉంటుంది.

"నూట ఏడు. ఏమండీ, మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"నూట పద్దెనిమిది."

హాల్లో కుర్చీ కిర్రుమంది. మాత్రల సీసా మూత తీసిన చప్పుడైంది.

ఆ ఇంట్లో ఇప్పుడు అబద్ధాలు నూట ఇరవై దాటడం లేదు.